బియ్యం బస్తా నుంచి రక్తపరీక్ష కాగితం దాకా: ఆహారం, జీవక్రియ ప్రశ్నలను తేల్చుకునే పద్ధతి

బెల్లం మంచిదా చక్కెర మంచిదా, షుగర్ ఉన్నవారు మామిడిపండు తినవచ్చా, అన్నం మానేసి కొర్రలు తింటే సరిపోతుందా, నెయ్యి గుండెకు చేటా మేలా అన్న ప్రశ్నలు వినపడని తెలుగు ఇల్లు ఇప్పుడు దాదాపు లేదు. జవాబులు చెప్పేవారికీ కొదవ లేదు. కాకపోతే పొద్దున ఒకరు చెప్పిన దాన్ని సాయంత్రానికి ఇంకొకరు కొట్టిపారేస్తారు. ఇంత గందరగోళానికి పెద్ద కారణం ప్రశ్న సగంలోనే ఆగిపోవడమని నా అభిప్రాయం. ఎవరి శరీరం, ఎంత పరిమాణం, దేనికి బదులుగా అన్న మూడు వివరాలు లేకుండా అడిగిన ప్రశ్నకు ఎవరు ఏ జవాబు చెప్పినా అది కొందరికి నిజం, మరికొందరికి అబద్ధం అవుతుంది.

ఈ విషయం ఎందరికి సంబంధించినదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన ఫలితాల ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 11.4 శాతం మందికి మధుమేహం ఉంది, మరో 15.3 శాతం మంది దాని ముంగిట (ప్రీడయాబెటిస్ దశలో) ఉన్నారు. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఆ ముంగిట ఉన్నవారికీ, మధుమేహం ఈ మధ్యే బయటపడినవారికీ ఉద్దేశించినది. గర్భిణులు, టైప్ 1 మధుమేహం ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఇందులోని ఆహారపు లెక్కలను తమ వైద్యులను అడగకుండా పాటించకూడదు.

మొదటి మెట్టు: ప్రశ్నను పూర్తి చేయండి

“రాగిజావ మంచిదేనా?” అని ఒకరు అడిగారనుకుందాం. ఉదయం ఆరు ఇడ్లీలు తినే మనిషి వాటిని మానేసి, చక్కెర వేయని జావ ఒక గ్లాసు, రెండు గుడ్లు తీసుకుంటే అది ఒక సంగతి. ఆ ఆరు ఇడ్లీలు అలాగే ఉంచి, ఆరోగ్యం కోసమని పైన బెల్లం కలిపిన జావ తాగితే అది పూర్తిగా వేరే సంగతి. రెండుచోట్లా తాగినది రాగిజావే అయినా శరీరంలో జరిగేది ఒకటి కాదు. కాబట్టి ఏ ప్రశ్ననైనా ముందు ఇలా మార్చి రాసుకోవాలి: “నేను రోజూ తినే ఫలానా పదార్థం ఇంత తగ్గించి, దాని స్థానంలో ఇది ఇంత తింటే, నా రిపోర్టులోని ఏ అంకె ఎటు కదలాలి?”

ఇలా రాసుకోగానే కొన్ని ప్రశ్నలు వాటంతటవే రాలిపోతాయి. బెల్లం, చక్కెర వాదన వాటిలో మొదటిది. బెల్లంలో అధిక భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. కొద్దిగా ఖనిజాలు ఉన్న మాట నిజమే గానీ, వాటి కోసం తినవలసిన బెల్లం తింటే ఖనిజాల కంటే ముందు చక్కెరే లెక్క దాటుతుంది. తేనెలోనూ ఉండేవి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే. అందువల్ల చెంచా చక్కెరకు బదులు చెంచా బెల్లం వేసుకున్నంత మాత్రాన రక్తంలో చక్కెర విషయంలో చెప్పుకోదగ్గ మేలు ఉండదు. బెల్లం మంచిదన్న ధీమాతో రెండు చెంచాలు వేసుకుంటే నష్టమే.

రెండో మెట్టు: రిపోర్టును వరుసగా కాక, కలిపి చదవండి

ల్యాబ్ ఇచ్చే కాగితం మీద ప్రతి పరీక్షకూ పక్కన ఒక సాధారణ పరిధి ఉంటుంది. ఆ పరిధి దాటిన అంకెలు ముద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. చాలామంది ముద్ద అక్షరాలను మాత్రమే చూసుకుని మిగిలినవి వదిలేస్తారు. ఉదాహరణకు 44 ఏళ్ల పురుషుడి రిపోర్టు ఒకటి ఊహించుకుందాం. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు, నడుము 94 సెంటీమీటర్లు. రక్తపోటు 128/84. పరగడుపు చక్కెర 108, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్ష) 5.9 శాతం. మొత్తం కొలెస్ట్రాల్ 198, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) 210, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 120. (రక్తపరీక్షల్లో శాతాలు కాని అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో.)

ఈయన ఇంటికి వచ్చి చెప్పే మాట ఎలా ఉంటుందో ఊహించవచ్చు: “కొలెస్ట్రాల్ 200 లోపే ఉంది, షుగర్ ఇంకా రాలేదు, బరువు కూడా మామూలే.” మూడూ అబద్ధాలు కావు, కానీ మూడూ తప్పుదారి పట్టిస్తాయి. జీవక్రియ దెబ్బతిన్నదనడానికి వైద్యులు అయిదు గుర్తులు చూస్తారు: నడుము (మన దేశంలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు లేదా అంతకు మించి), ట్రైగ్లిజరైడ్లు 150 లేదా అంతకంటే ఎక్కువ, హెచ్‌డీఎల్ పురుషుల్లో 40 కంటే, స్త్రీలలో 50 కంటే తక్కువ, రక్తపోటు 130/85 లేదా పైన, పరగడుపు చక్కెర 100 లేదా పైన. అయిదింటిలో మూడు ఉంటే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. ఈయనకు రక్తపోటు ఒక్కటి తప్ప నాలుగూ ఉన్నాయి, ఆ రక్తపోటు కూడా గీతకు ఆనుకునే ఉంది. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె, అంటే బీఎంఐ, 24.2. ప్రపంచమంతటికీ వాడే కొలత ప్రకారం అది 25 లోపే అయినా, భారతీయులకు 23 నుంచే అధిక బరువుగా లెక్కిస్తారు.

ఎందుకీ ప్రత్యేక లెక్క? పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో పక్కపక్కన నిలబడి దిగిన ఫొటోతో ఒక చిన్న రచన వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్నిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉండి పొట్ట దగ్గర కొవ్వు పేరుకునే మన శరీరతత్వాన్ని ఇంత సూటిగా చూపిన ఫొటో మరొకటి లేదనిపిస్తుంది. అందుకే తూకం యంత్రం కంటే దర్జీ టేపు మనకు ఎక్కువ చెబుతుంది. కొలిచేటప్పుడు ప్యాంటు నడుము పట్టీ దగ్గర కాకుండా, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి బిగించకుండా కొలవాలి. ప్యాంటు సైజు 34 అని చెప్పేవారి అసలు నడుము టేపు మీద చాలాసార్లు 38 అంగుళాలు తేలుతుంది, ఎందుకంటే ప్యాంటు పొట్ట కింద నుంచి కడతారు.

ఇక చక్కెర అంకెల సంగతి. పరగడుపున 126 లేదా పైన, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా పైన, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200 లేదా పైన ఉంటే మధుమేహం. లక్షణాలేవీ లేనప్పుడు ఒక్క పరీక్షతో నిర్ధారించకుండా మళ్లీ చేయించాలి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు, పరగడుపున 100 నుంచి 125 వరకు ఉంటే ముంగిట ఉన్నట్టు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు గీతను 110 దగ్గర గీస్తుంది కాబట్టి, 108 అనే ఒకే అంకెకు రెండు ల్యాబుల కాగితాల మీద రెండు రకాల వ్యాఖ్యలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది గనుక, పరీక్షకు ముందు వారం రోజులు అన్నం మానేసి దాన్ని బుజ్జగించడం అంత తేలిక కాదు. అయితే దానికీ ఒక బలహీనత ఉంది: అది ఎర్ర రక్తకణాల ఆయుష్షు మీద ఆధారపడుతుంది. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే ఈ అంకె ఉన్నదాని కంటే ఎక్కువ చూపవచ్చు. కణాలు త్వరగా విరిగిపోయే జబ్బుల్లో, రక్తం ఎక్కించుకున్న తర్వాత తక్కువ చూపవచ్చు. సికిల్ సెల్ వంటి హిమోగ్లోబిన్ తేడాలు ఉన్నవారిలో ఫలితం అసలు నమ్మదగినది కాకపోవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కాబట్టి మన ఇళ్లలో స్త్రీల హెచ్‌బీఏ1సీని హిమోగ్లోబిన్ అంకె పక్కన పెట్టుకోకుండా చదవకూడదు. ఆ రెండూ పొసగకపోతే పరగడుపు పరీక్ష, గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష నమ్మదగినవి.

కొవ్వుల పరీక్షలో ఎల్‌డీఎల్‌ను చాలా ల్యాబులు నేరుగా కొలవవు, లెక్క కడతాయి. మొత్తం కొలెస్ట్రాల్‌లో నుంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తే వచ్చేదే అది. మన ఉదాహరణలో 198 నుంచి 36, 42 తీసేస్తే 120. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. అంతకంటే ఉపయోగపడే అంకె, ఏ ల్యాబు అడగకుండానే మీరే కట్టుకోగలిగేది, మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ తీసేయగా మిగిలేది. ఈయనకు అది 162. రక్తనాళాలకు చేటు చేసే కొవ్వు రేణువులన్నీ దాదాపు అందులోకి వస్తాయి, పైగా దానికి పరగడుపు అవసరం లేదు. ట్రైగ్లిజరైడ్లకు మాత్రం పది పన్నెండు గంటల పరగడుపు ఉంటేనే పోలిక సరిగ్గా కుదురుతుంది. ముందు రాత్రి పెళ్లి భోజనమో మద్యమో పడితే ఆ అంకె ఎగబాకుతుంది.

ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అన్న ఈ జంట మన ప్రాంతంలో బాగా మామూలు. అది చూసి చాలామంది చేసే మొదటి పని గుడ్డు పచ్చసొన, నెయ్యి మానేయడం. కానీ కాలేయం ఈ ట్రైగ్లిజరైడ్లను తయారు చేసేది ఎక్కువగా అవసరానికి మించిన పిండిపదార్థాలు, చక్కెర, మద్యం నుంచి, పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు నుంచి. ఈయన గుడ్డు మానేసి, ఆ ఖాళీని మరో గరిటె అన్నంతో పూడ్చితే ట్రైగ్లిజరైడ్ల అంకె పైకే పోవచ్చు.

మూడో మెట్టు: కంచాన్ని కాదు, సామాను జాబితాను లెక్కించండి

“రోజూ ఎంత అన్నం తింటారు?” అని అడిగితే అందరూ “కొంచెమే” అంటారు. అబద్ధం చెప్పాలని కాదు, కంచంలో అన్నాన్ని కంటితో అంచనా వేయడం ఎవరికీ చేతకాదు. అందుకు మన ఇళ్లలో ఒక తేలికైన కొలత ఉంది: 25 కిలోల బియ్యం బస్తా. అది విప్పిన తేదీని బస్తా మీదే రాయండి, అయిపోయిన తేదీ చూడండి. నలుగురు పెద్దవారున్న ఇంట్లో బస్తా 20 రోజులకు ఖాళీ అయితే తలా రోజుకు దాదాపు 310 గ్రాముల బియ్యం తిన్నట్టు. వంద గ్రాముల పాలిష్ పట్టిన బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం, సుమారు 356 కేలరీలు ఉంటాయి కాబట్టి, ఒక్క అన్నం నుంచే 1,100 కేలరీలు వస్తున్నాయన్న మాట.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు 2,000 కేలరీల రోజుకు అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములు, పప్పుధాన్యాలు (గుడ్లు, మాంసం, చేపలు తినేవారికి వాటితో సర్దుకునే వీలుతో) 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు సూచిస్తాయి. ఆ 250 గ్రాముల్లో అన్నమే కాక ఇడ్లీ రవ్వ, దోసెల బియ్యం, చపాతీ పిండి, ఉప్మా రవ్వ, అటుకులు అన్నీ ఉన్నాయని మరవకూడదు. ఆ లెక్కన మన నలుగురి ఇంట్లో మిగతా ధాన్యం ఒక్క గింజ వాడకపోయినా బస్తా 25 రోజులు రావాలి. టిఫిన్లు కూడా కలుపుకుంటే నెల దాటాలి.

నూనెదీ ఇదే పద్ధతి. తలా 27 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు 3,240 గ్రాములు. లీటరు నూనె 910 గ్రాముల వరకు తూగుతుంది గనుక సుమారు మూడున్నర లీటర్లు. చాలా ఇళ్లలో దీనికి రెట్టింపు ప్యాకెట్లు తెగుతాయి, బయట తిన్న బజ్జీ, పునుగు, బిర్యానీ నూనె దీనిలోకి రాదు కూడా. ఉప్పు తలా రోజుకు 5 గ్రాముల లోపు, అంటే నలుగురికి నెలకు 600 గ్రాములు. ఏడాదికి పెట్టే ఆవకాయ ఉప్పు వేరే కొలతగా కలుపుకోవాలి. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర అయితే టీ ద్వారానే 32 నుంచి 40 గ్రాములు పడుతుంది. అదే మార్గదర్శకాల్లో చక్కెరకు సూచించిన హద్దు 25 గ్రాములు.

మాంసకృత్తుల లెక్క మాత్రం తిరగబడుతుంది. కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున మన ఉదాహరణలోని 66 కిలోల మనిషికి రోజుకు 55 గ్రాములు కావాలి. 300 గ్రాముల బియ్యం నుంచి 24, పప్పుచారులో పడిన 30 గ్రాముల కందిపప్పు నుంచి 6.5, గ్లాసు పెరుగు నుంచి 6 కలిపితే 37 దాటదు. పప్పు రోజూ తింటున్నామన్న నమ్మకం మనకు బలంగా ఉంటుంది గానీ, చారుగా పలచబడిన పప్పులో గింజ ఎంత పడిందో చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. ఇప్పుడు ఈయన బియ్యాన్ని 200 గ్రాములకు తగ్గించి, 50 గ్రాముల పెసలతో పెసరట్టు, రెండు గుడ్లు, మరో పది గ్రాముల కందిపప్పు, ఇంకో అర గ్లాసు పెరుగు చేర్చుకుంటే మాంసకృత్తులు 55 గ్రాములు దాటతాయి. గుడ్డు తినని ఇళ్లలో ఆ చోటును శనగలు, అలసందలు, సోయా, పనీర్ తీసుకోగలవు. “అన్నం తగ్గించండి” అని చెప్పి ఊరుకునే సలహా ఎందుకు నాలుగు రోజులకే వీగిపోతుందంటే, తగ్గించిన చోట ఏం పెట్టాలో అది చెప్పదు, ఆకలి మాత్రం చెబుతుంది.

నాలుగో మెట్టు: మందులు వాడేవారు మార్పుకు ముందే వైద్యుడితో మాట్లాడండి

ఇది దాటేయకూడని మెట్టు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలో ఇన్సులినో వాడుతూ హఠాత్తుగా అన్నం సగానికి తగ్గించినా, ఉపవాసాలు మొదలుపెట్టినా రక్తంలో చక్కెర 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం దాని గుర్తులు. అప్పుడు 15 గ్రాముల గ్లూకోజ్ లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారు పిండిపదార్థాలను దాదాపు పూర్తిగా మానేసే కీటో వంటి పద్ధతుల జోలికి పోతే, చక్కెర అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్లూకోమీటర్ చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు కాబట్టి, ముఖ్యంగా శాకాహారులు కాళ్ల తిమ్మిరిని షుగర్ ఖాతాలో వేసి ఊరుకోకుండా బి12 పరీక్ష అడగాలి.

అయిదో మెట్టు: రోజూ వినే ప్రశ్నలను ఈ పద్ధతిలో పెట్టి చూడండి

చిరుధాన్యాల విషయంలో భక్తికీ ఎగతాళికీ మధ్య నిలబడటం కష్టమే గానీ అంకెలు అక్కడే నిలబెడతాయి. వంద గ్రాములకు పిండిపదార్థం బియ్యంలో 78, జొన్నల్లో 68, రాగుల్లో 67, సజ్జల్లో 62 గ్రాములు. అంటే తేడా ఉంది, కానీ ఇవేవీ పిండిపదార్థం లేని ధాన్యాలు కావు. పీచు మాత్రం బియ్యంలో 3 గ్రాములకు లోపు ఉంటే ఈ మూడింటిలో 10 నుంచి 11 గ్రాముల వరకు ఉంది. మాంసకృత్తుల్లో రాగులు (7 గ్రాములు) బియ్యం (8 గ్రాములు) కంటే ఒక మెట్టు కిందే ఉన్నాయి. రాగుల అసలు బలం కాల్షియం, వందకు 360 మిల్లీగ్రాములకు పైనే. మరో సంగతి, మెత్తగా పట్టించిన పిండిని నీళ్లలో ఉడికించి తాగే జావ త్వరగా జీర్ణమై చక్కెరను వేగంగా పెంచుతుంది. నమలవలసిన జొన్నరొట్టె అంత వేగంగా పెంచదు. రొట్టె పక్కన ఆకుకూర పప్పు ఉంటే ఇంకా మేలు.

తక్కువ గ్లైసెమిక్ సూచి (తిన్నది రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె) ఉన్న బియ్యం గురించీ ఇదే చెప్పాలి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, మనం తెలంగాణ సోనాగా పిలిచే రకం, సూచి 55 లోపు ఉన్న బియ్యంగా పేరు పొందింది. ఆ సూచిని 50 గ్రాముల పిండిపదార్థం తినిపించి కొలుస్తారు. పెద్ద కంచం నిండా అన్నంలో వంద గ్రాములకు పైనే ఉండవచ్చు. తక్కువ సూచి ఉన్న బియ్యాన్ని “షుగర్ బియ్యం కదా” అని రెట్టింపు తింటే లాభం మొత్తం కరిగిపోతుంది.

పండ్ల గురించి ఒక్క మాటలో చెప్పాలంటే కోసుకుని తినండి, పిండుకుని తాగకండి. బంగినపల్లి ముక్కలు వంద గ్రాములు భోజనం పైన కాక సాయంత్రం చిరుతిండికి బదులుగా తింటే, మధుమేహం అదుపులో ఉన్న చాలామందికి అది మోయలేని బరువేమీ కాదు. రెండు కాయలు రసం తీసి అన్నంలో కలుపుకుంటే ఆ మాట వర్తించదు.

నెయ్యి విషయంలో అడగవలసింది రిపోర్టులో ఎల్‌డీఎల్ ఎంత ఉందని. సంతృప్త కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచుతుందన్నది బాగా రుజువైన విషయం. చెంచా నెయ్యిలో దాదాపు 3 గ్రాములు అదే ఉంటుంది, 2,000 కేలరీల రోజుకు దాని హద్దు సుమారు 22 గ్రాములు. పప్పన్నంలో చెంచా నెయ్యికి ఇందులో చోటుంది. అయితే అదే రోజు బేకరీ పఫ్, పామాయిల్‌లో వేయించిన చిప్స్, మీగడ పెరుగు కూడా ఉంటే చోటు ఉండదు. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వు 90 శాతం దాకా ఉంటుంది కాబట్టి నెయ్యి మానేసి దానికి మారడం తిరోగమనమే. వేరుశనగ, నువ్వుల నూనెలు మార్చి మార్చి, తక్కువగా వాడటం మన వంటకూ కుదిరే దారి.

రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ ఎందుకు ఎక్కువ ఉంటుందని అడిగేవారు ఎందరో. తెల్లవారుజామున శరీరంలో కార్టిసోల్ వంటి హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం నిల్వలోని గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని శరీరం దాన్ని ఆపలేదు. రాత్రి భోజనం పూర్తిగా మానేసి ఉదయపు అంకెను దించాలని చూడటం అందువల్లే తరచూ విఫలమవుతుంది. పొట్ట కొవ్వు తగ్గితే, ముఖ్యంగా కాలేయంలో కొవ్వు తగ్గితే, ఆ అంకె దిగుతుంది.

కాలేయం మాట వచ్చింది కాబట్టి: స్కానింగ్‌లో “ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1” అని వస్తే అది కొవ్వు ఎంత కనిపిస్తోందో చెబుతుంది గానీ కాలేయం గట్టిపడిందో లేదో చెప్పదు. దానికి ముందు మెట్టుగా వైద్యులు వయసును ఏఎస్‌టీతో గుణించి, ఆ వచ్చినదాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యను (లీటరుకు వంద కోట్లలో) ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించే ఫిబ్-4 లెక్క చూస్తారు (ఏఎస్‌టీ, ఏఎల్‌టీ కాలేయ ఎంజైముల పరీక్షలు). 1.3 లోపు ఉంటే గట్టిపడే అవకాశం తక్కువ, 65 ఏళ్లు దాటినవారికి ఆ గీత 2. శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వుతో పాటు వాపూ తగ్గుతుందని తెలుసు. ‘లివర్ టానిక్కు’ల పని అది కాదు.

ఆరో మెట్టు: మీ శరీరాన్నే అడగండి, కానీ సరిగ్గా అడగండి

గ్లూకోమీటర్ ఉన్నవారు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న సమయం నుంచి రెండు గంటలకు ఒకసారి కొలిచి తేడా రాసుకోండి. మొదట మామూలు భోజనంతో మూడు నాలుగు రోజులు, తర్వాత ఒక్క మార్పుతో మూడు నాలుగు రోజులు. ముందు కూర, పప్పు తిని చివర అన్నం కలుపుకోవడం ఒక మార్పు. తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు నడవడం మరో మార్పు. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

చేతులు సబ్బుతో కడిగి ఆరిన తర్వాతే గుచ్చుకోవాలి. మామిడిపండు ఒలిచిన వేలి మీద మిగిలిన రసం ఒక్కటే అంకెను అమాంతం పెంచి మనిషిని బెదరగొట్టగలదు. ఇంటి మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే తేడానే 15 శాతం వరకు ఉంది కాబట్టి, 148, 160 అనే రెండు అంకెల మధ్య తేడా చూసి తీర్పు ఇవ్వకండి. నాలుగు రోజుల సగటులో 30, 40 పాయింట్ల తేడా వస్తే అది నిజమైన మార్పు. చేతికి అతికించుకునే సెన్సర్లు చర్మం కింది ద్రవంలో చక్కెరను కొలుస్తాయి గనుక రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి చూపుతాయి. మధుమేహం లేనివారు ఆ గీత ప్రతి ఎగుడుదిగుడుకూ బెంగపడటం అనవసరం.

ఏడో మెట్టు: విన్న వార్తను మూడు ప్రశ్నలతో జల్లించండి

మొదటిది, ఇది పరిశీలనా, ప్రయోగమా? 21 దేశాల్లో 1,32,000 మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన ప్యూర్ అధ్యయనం 2020లో ఇచ్చిన ఫలితం ప్రకారం, రోజుకు 450 గ్రాములకు పైగా తెల్లన్నం తినేవారిలో 150 గ్రాముల లోపు తినేవారి కంటే మధుమేహం వచ్చే ముప్పు 20 శాతం ఎక్కువ, దక్షిణాసియాలో 61 శాతం ఎక్కువ. ఇక్కడి గ్రాములు వండిన అన్నానివి. ఇది గట్టి సంకేతమే అయినా పరిశీలనే. అన్నం అంత ఎక్కువగా తినేవారు కూరలు, పప్పు తక్కువ తినేవారు కూడా కావచ్చు.

రెండోది, శాతం దేనిమీద? చెన్నైలో ఎ.రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మధుమేహపు ముంగిట ఉన్నవారికి ఆహారం, వ్యాయామంపై మార్గదర్శనం ఇస్తే ముప్పు 28.5 శాతం తగ్గింది. అసలు అంకెలు చూస్తే, మూడేళ్లలో మామూలు బృందంలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది, మార్గదర్శనం పొందినవారిలో 39.3 శాతం మందికి. అంటే ఆరేడుగురు జీవనశైలి మార్చుకుంటే వారిలో ఒకరికి ఆ మూడేళ్లలో జబ్బు తప్పింది. నాకు ఇది రెండు రకాలుగానూ ముఖ్యమనిపిస్తుంది: మార్పు పనిచేస్తుంది, అయినా మార్చుకున్నవారిలో కొందరికి జబ్బు వస్తే అది వారి తప్పు కాదు.

మూడోది, ‘నయమైంది’ అంటే ఏమిటి? బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అనే పేరున్న ప్రయోగంలో, మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వారికి వైద్య పర్యవేక్షణలో మూడు నుంచి అయిదు నెలల పాటు రోజుకు దాదాపు 850 కేలరీలే ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందులు లేకుండానే హెచ్‌బీఏ1సీ 6.5 లోపు నిలిచింది, రెండేళ్లకు అది 36 శాతానికి తగ్గింది. వైద్యులు దీన్ని ఉపశమన దశ అంటారు, ఎందుకంటే బరువు తిరిగి వస్తే జబ్బూ తిరిగి వస్తుంది. వంద రోజుల్లో షుగర్ మాయం అనే ప్రకటనల్లో రెండో ఏడాది అంకె ఎప్పుడూ కనిపించదు. తగ్గినవారు వీడియోల్లో మాట్లాడతారు, తగ్గనివారు మాట్లాడరు.

ప్యాకెట్ల మీది మాటలకు ఇంత శ్రమ అక్కర్లేదు. ముందు వైపు ఏం రాసినా వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు వస్తుంది. మైదా మొదటి స్థానంలో ఉన్న ‘రాగి బిస్కెట్’ మైదా బిస్కెట్టే. ‘చక్కెర కలపలేదు’ అన్న చోట మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే, చక్కెరలాగే త్వరగా జీర్ణమయ్యే పొడి), ఖర్జూరపు పాకం ఉన్నాయేమో చూడాలి. ఒక్కో వడ్డనకు ఇచ్చిన అంకెను వదిలి, వంద గ్రాములకు ఇచ్చిన అంకెతో రెండు ప్యాకెట్లను పోల్చాలి.

ఎనిమిదో మెట్టు: మళ్లీ ఎప్పుడు పరీక్షించుకోవాలి

నడుము కొలత నెలకోసారి. కొవ్వుల పరీక్ష మార్పు మొదలైన రెండు మూడు నెలలకు. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు ముందు చేయించడం డబ్బు దండగే, ఎందుకంటే పాత నెలల ప్రభావం అందులో ఇంకా ఉంటుంది. ముంగిట ఉన్నవారు అంకెలు బాగున్నా ఏడాదికోసారి చూపించుకోవాలి. వీలైనంత వరకు ఒకే ల్యాబులో, ఒకే విధమైన పరగడుపుతో చేయించండి. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనో, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నప్పుడో, ఊరి జాతర ముగిసిన మర్నాడో చేయించిన పరీక్షను పాతదానితో పోల్చి మందు మార్చమని అడగకండి. వైద్యుడి దగ్గరికి కొత్త కాగితంతో పాటు పాతవి కూడా తేదీల వారీగా పట్టుకుని, ఈ మూడు నెలల్లో ఏది ఎంత తగ్గించి దాని స్థానంలో ఏం పెట్టారో ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి.